మల్టీస్కేల్ బాస్: ఎంచుకోవడం, సెటప్ చేసుకోవడం, చేతికి అలవాటు చేసుకోవడం

మల్టీస్కేల్ బాస్ అంటే ఒక్కో తీగకు ఒక్కో పొడవు ఉండే బాస్ గిటార్. దాన్ని చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ఫ్రెట్లు (నెక్ మీది లోహపు గీతలు) ఇలా విసనకర్రలా విచ్చుకుని ఉంటే వేలు ఎక్కడ పెట్టాలి అని. దాని గురించి బెంగ పెట్టుకోకండి. చూడ్డానికి ఉన్నంత కష్టం వాయించడంలో ఉండదు. తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: అన్నిటికన్నా మంద్రమైన లో బి తీగతో మీకు ఎంత పని, పొడవైన తీగకూ పొట్టి తీగకూ మధ్య తేడా ఎన్ని అంగుళాలు, ఫ్రెట్ల వాలు నెక్‌లో ఏ చోట సున్నా అవుతుంది. ఈ మూడూ చూసుకోకుండా రూపం చూసి కొన్నవాళ్లు చాలాసార్లు మొదటి ఫ్రెట్ దగ్గరే చిక్కుకుపోయి, తర్వాత బాస్‌ను అమ్మకానికి పెడతారు.

ముందు, మీకిది అవసరమా?

నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ నట్; బాడీ మీద తీగలు బిగించే చోటు బ్రిడ్జ్, దాని మీద ఒక్కో తీగ కూర్చునే ముక్క సాడిల్. నట్ నుంచి సాడిల్ దాకా తీగ మోగే పొడవును స్కేల్ అంటారు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బాస్ 34 అంగుళాల స్కేల్‌తో వచ్చింది. ఇప్పటికీ ఎక్కువ బాస్‌ల కొలత అదే. ఇ, ఎ, డి, జి నాలుగు తీగలకూ అది చక్కగా సరిపోతుంది. ఐదో తీగగా లో బి చేరినప్పుడే ఇబ్బంది. ఇ తీగ 41.2 హెర్ట్జ్ దగ్గర మోగితే బి తీగ 30.87 దగ్గర మోగాలి. అదే పొడవులో అంత కిందికి దించాలంటే తీగ వదులు చేయాలి, లేదా లావు చేయాలి. వదులు చేస్తే తీగ కొట్టుకుని ఫ్రెట్ల మీద గరగరలాడుతుంది. లావు చేస్తే బిర్రుగా కమ్మీలా తయారవుతుంది. కమ్మీలా ఉన్న తీగలో పై హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఉండాల్సిన చోటు కన్నా కాస్త షార్ప్‌గా, అంటే శ్రుతి ఎక్కువై పలుకుతాయి. స్వరం ట్యూన్‌లోనే ఉన్నా చెవికి బురదబురదగా వినిపించేది అందుకే.

మూడో దారి తీగను పొడవు చేయడం. పియానో మూత ఎత్తి చూస్తే మంద్ర తీగలు ఎందుకంత పొడవో తెలుస్తుంది. ఇక్కడ లెక్క మన పక్షానే ఉంది: అదే తీగ, అదే స్వరం అయితే టెన్షన్ (తీగ బిగువు) పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 34 నుంచి 37 అంగుళాలకు వెళ్తే టెన్షన్ సుమారు 18 శాతం పెరుగుతుంది. హార్మోనిక్స్ పక్కకు జరిగే గుణం దాదాపు 29 శాతం తగ్గుతుంది. చెవికి పట్టేది ఈ రెండోదే.

అలాగైతే అన్ని తీగలూ 37 అంగుళాలు చేయొచ్చు కదా? చేయొచ్చు. అప్పుడు జి తీగ సన్నగా, గట్టిగా, గీసినట్టు పలుకుతుంది. అందుకే బి తీగకు ఒక పొడవు, జి తీగకు ఇంకో పొడవు ఇచ్చి, ఫ్రెట్లను ఆ రెండు లెక్కలనూ కలిపే గీతలుగా వేశారు. ఆలోచన పాతదే. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆర్ఫేరియన్ అనే తీగవాద్యంలోనూ వాలు ఫ్రెట్లు కనిపిస్తాయి. ఈ కాలపు గిటార్‌కు తగ్గట్టు దీనికి 1989లో అమెరికాలో పేటెంట్ పొందింది రాల్ఫ్ నోవాక్. బాస్ వాయించేవాళ్లలో దీనికి పేరు తెచ్చింది కెనడాలోని సస్కటూన్‌లో బాస్‌లు తయారుచేసే షెల్డన్ డింగ్‌వాల్.

మీరు నాలుగు తీగల బాస్ మీద మామూలు ట్యూనింగ్‌లో వాయించేవాళ్లైతే, నా మాట వినండి, ఆ డబ్బుతో మంచి ఆంప్ కొనుక్కోండి. ఐదు తీగల బాస్ ఉండి, బి తీగను పాట చివర ఒక్క దీర్ఘ స్వరానికే వాడుతున్నారంటే కూడా తొందర లేదు. బి తీగ మీద లైన్లు నడిపేవాళ్లకూ, దాన్ని ఇంకా కిందికి దించేవాళ్లకూ ఇది నిజంగా పనికొస్తుంది. బి తీగను ఎ దాకా దించితే టెన్షన్ అయిదో వంతు పడిపోతుంది. 37 అంగుళాల మీద దించితే అది 34 అంగుళాల బాస్‌లో మామూలు బి టెన్షన్‌లో 94 శాతం దగ్గర ఆగుతుంది. మెటల్ బ్యాండ్లు ఈ బాస్‌ల వెంట పడటానికి ఇదొక్కటి చాలు.

కొలతలు చదవడం

ఐదు తీగల డింగ్‌వాల్ కంబశ్చన్ వంటి వాటిలో స్కేల్ 37 నుంచి 34. అంటే బి 37, ఇ 36.25, ఎ 35.5, డి 34.75, జి 34 అంగుళాలు. ఐబనేజ్ ఇహెచ్‌బి1005ఎంఎస్‌లో 35 నుంచి 33. మొదటిదానిలో తేడా మూడంగుళాలు, రెండోదానిలో రెండు. వాలు ఎంత ఉంటుందన్నది ఈ తేడాను బట్టే. 35-33లో ఇంకో సంగతి కూడా ఉంది: జి తీగ మామూలు కన్నా పొట్టిది కాబట్టి దాదాపు 6 శాతం మెత్తగా ఉంటుంది. బెండ్లు, గమకాలు ఎక్కువగా వేసే వేళ్లకు అది నచ్చుతుంది.

రెండో కొలతను చాలామంది చూడనే చూడరు. ఫ్రెట్లన్నీ వాలుగా ఉన్నా ఒక్క ఫ్రెట్ మాత్రం తీగలకు సరిగ్గా అడ్డంగా, మామూలు బాస్‌లో ఉన్నట్టే ఉంటుంది. దాన్ని న్యూట్రల్ ఫ్రెట్ అంటారు. అక్కడి నుంచి నట్ వైపు వెళ్లేకొద్దీ ఒక దిక్కుకు, బ్రిడ్జ్ వైపు వెళ్లేకొద్దీ ఇంకో దిక్కుకు వాలు పెరుగుతుంది. డింగ్‌వాల్‌లో అది ఏడో ఫ్రెట్. 37-34 స్కేల్‌లో ఏడో ఫ్రెట్ న్యూట్రల్ అయితే నట్ దగ్గర బి తీగ చివర జి తీగ చివర కన్నా 25 మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది, బ్రిడ్జ్ దగ్గర 51. అదే స్కేల్‌కు 12వ ఫ్రెట్‌ను న్యూట్రల్ చేస్తే రెండు చివర్లా 38 చొప్పున. అంటే నట్ దగ్గర వాలు ఒకటిన్నర రెట్లు, మొదటి పొజిషన్‌లో (నట్ పక్క ఫ్రెట్లలో) మణికట్టు మీద భారమూ ఎక్కువే. కింది ఫ్రెట్లలోనే ఎక్కువగా వాయించేవాళ్లు న్యూట్రల్ ఫ్రెట్ ఏడు దగ్గర ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పైన సోలోలూ కార్డ్‌లూ వాయించేవాళ్లకు తొమ్మిదో పన్నెండో హాయి. తయారీదారు ఈ అంకె రాయకపోతే ఫోటో చూసి మీరే పట్టుకోవచ్చు: తీగలకు కొలబద్ద అడ్డం పెట్టి ఏ ఫ్రెట్ దానితో కలుస్తుందో చూడండి.

దుకాణంలో పరీక్షించడం

కూర్చుని కాదు, స్ట్రాప్ వేసుకుని నిలబడి వాయించండి. నెక్ పొడవు నిలబడితేనే తెలుస్తుంది. 37 అంగుళాల బాస్‌లో బి తీగ మొదటి ఫ్రెట్ నట్ నుంచి 53 మిల్లీమీటర్లు ఉంటుంది, 34లో అది 48.5. చెయ్యి పూర్తిగా చాచాల్సి వస్తే అది మీ బాస్ కాదు.

ముందు ఓపెన్ ఇ, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఇ తీగ మోగించండి. తర్వాత అదే స్వరం బి తీగ ఐదో ఫ్రెట్ మీద. రెండూ ఒకే గొంతులా వినిపిస్తున్నాయా? 34 అంగుళాల బాస్‌లో ఈ రెండింటి మధ్య గొంతు మారిపోతుంది, బి మీదది మూసుకుపోయినట్టు ఉంటుంది. మంచి మల్టీస్కేల్‌లో ఆ తేడా చాలా తగ్గాలి. తగ్గలేదంటే తీగలు పాతబడి ఉండొచ్చు, లేదా ఆ బాస్‌లో వాలు తప్ప ఇంకేం లేదు. తర్వాత ఓపెన్ బి గట్టిగా మీటి వదిలేయండి. స్వరం మొదట పైకి ఎగిరి మెల్లగా కిందికి దిగి నిలబడుతుంటే తీగ వదులుగా ఉన్నట్టు.

ఆంప్ విషయంలో జాగ్రత్త. చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లు 31 హెర్ట్జ్‌ను వినిపించలేవు. మీరు వినేది పై హార్మోనిక్స్‌నే. ఒక రకంగా అదీ మంచిదే, మల్టీస్కేల్ బాగుచేసేది ఆ హార్మోనిక్స్‌నే కదా. అయినా పెద్ద స్పీకర్ కేబినెట్ ఉంటే అడిగి వినండి.

తీగలు కొనేటప్పుడు

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. దుకాణాల్లో మామూలుగా దొరికే సెట్లు 34 అంగుళాల బాస్‌లకు సరిపోయేవి. తీగ మొత్తం పొడవు సరిపోవడం ఒక్కటే కాదు, చివర్లో సన్నబడే భాగం నట్ దాటి హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల) వైపు పడాలి. పూర్తి మందంతో చుట్టిన భాగం నట్ మీదికి రావాలన్న మాట. సన్నబడిన భాగం నట్ మీద కూర్చుంటే ఆ తీగ సరిగ్గా మోగదు.

కొనే ముందు మీ బాస్ మీదున్న బి తీగ పక్కనే టేపు పెట్టి కొలవండి: బాల్ ఎండ్ (బ్రిడ్జ్ వైపు తీగ చివరి గుండు) ఆనే చోటు నుంచి నట్ దాకా. బాడీ వెనక నుంచి తీగ దూర్చే రకం బ్రిడ్జ్ అయితే ఆ పొడవు కూడా కలపాలి. ఆ కొలతను తీగల కంపెనీ ఇచ్చిన చుట్టు పొడవుతో పోల్చుకోండి. ప్యాకెట్ మీద 'లాంగ్', 'ఎక్స్‌ట్రా లాంగ్' అని రాసి ఉంటే నమ్మి ఊరుకోవద్దు, ఆ మాటలకు కంపెనీని బట్టి కొలత మారుతుంది. 35 అంగుళాల బి తీగకు ఎక్స్‌ట్రా లాంగ్ రకాలు చాలావరకు సరిపోతాయి. 37కి డింగ్‌వాల్ సొంత సెట్లో, అంత పొడవు ఇస్తామని కొలత రాసే కంపెనీలవో తెప్పించుకోవాలి. అవి వీధి చివరి కొట్లో దొరకవు, కాబట్టి ఒక సెట్ ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. పొడవున్న తీగను కత్తిరించుకోవచ్చు, పొట్టి తీగను ఏమీ చేయలేం. ట్యూనర్ దాటి అయిదారు అంగుళాలు మిగిల్చి, తీగను లంబకోణంలో వంచాకే కత్తిరించండి. ఆ వంపు లేకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్టు జారిపోయి తీగ చచ్చిపోతుంది.

గేజ్, అంటే తీగ లావు సంగతి. 34 అంగుళాల బాస్ మీద .130 లేదా .135 అంగుళాల లావు బి తీగ వాడేవాళ్లు, 37 మీద ఒక మెట్టు సన్నదానితో మొదలుపెట్టి చూడండి. టెన్షన్ ఎటూ పొడవే ఇస్తోంది. అంత పొడవు ఇచ్చాక మళ్లీ లావు తీగ వేస్తే డబ్బు పెట్టి కొన్న స్పష్టతను తిరిగి ఇచ్చేసినట్టే.

సెటప్

తీగలన్నీ ఒకేసారి తీసేయకండి, ఒక్కొక్కటిగా మార్చండి. ట్యూన్ చేసి కాసేపు వదిలేయండి. తర్వాత నెక్ రిలీఫ్, అంటే నెక్‌లో ఉండాల్సిన స్వల్ప వంపు చూడాలి. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఎంతుందో చూడండి. 0.3 మిల్లీమీటర్ల దగ్గర, అంటే మామూలు విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరిపోతుంది. మల్టీస్కేల్‌లో ఈ పరీక్ష బి తీగ మీద ఒకసారి, జి తీగ మీద ఒకసారి విడివిడిగా చేయాలి. రెండింటి పొడవులు వేరు, నెక్ వంపు మీద అవి కూర్చునే తీరూ వేరు. రెండిట్లో కొంచెం తేడా వస్తే బి వైపుకు అనుకూలంగా ఉంచండి. బి తీగ ఊగే విస్తీర్ణం ఎక్కువ, దానికి చోటు కావాలి.

సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీ) బిగించాలి, తక్కువుంటే వదలాలి. ఒకసారికి పావు తిప్పు మించొద్దు. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లు వానాకాలం మొదలయ్యాక ఈ ఒక్క కొలత మళ్లీ చూసుకోవాలి. గాలిలో తేమ మారితే నెక్ కదులుతుంది, పొడవు నెక్‌లో అది ఇంకా బాగా తెలుస్తుంది.

యాక్షన్, అంటే ఫ్రెట్ మీద తీగ ఎత్తు, 12వ ఫ్రెట్ దగ్గర జి తీగకు 2 మిల్లీమీటర్లు, బి తీగకు 2.5 పెట్టి మొదలుపెట్టండి. మిగతా మూడు తీగలు ఆ మధ్యలో. వేళ్లతో మెత్తగా వాయించేవాళ్లు ఇంకాస్త దించుకోవచ్చు.

ఇంటొనేషన్ (నెక్ పొడవునా స్వరాలు శ్రుతిలో ఉండేలా సాడిల్ సరిచేయడం) అంటే చాలామంది భయపడతారు కానీ ఇక్కడ కొత్తేమీ లేదు. ఒక్కో తీగకు నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలవండి, ఆ తీగ పొడవునే, నెక్‌కు అడ్డంగా కాదు. దానికి రెట్టింపు దూరంలో సాడిల్ పెట్టి మొదలుపెట్టండి. 37 అంగుళాల బి తీగకు సగం 470 మిల్లీమీటర్లు, 34 అంగుళాల జి తీగకు 432. తర్వాత 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మోగించిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది షార్ప్‌గా ఉంటే సాడిల్ వెనక్కి, ఫ్లాట్‌గా ఉంటే ముందుకు. ప్రతిసారీ తిరిగి ట్యూన్ చేయాలి. బి తీగ ఓపెన్ స్వరానికి ఫోన్ ట్యూనర్లు తడబడతాయి. ఫోన్ మైక్‌కు అంత కింది స్వరం సరిగ్గా అందదు. తీగ మీద 12వ ఫ్రెట్ హార్మోనిక్ మోగిస్తే 61.7 హెర్ట్జ్ వస్తుంది, దాన్ని తేలిగ్గా పట్టుకుంటాయి. క్లిప్ ట్యూనరో పెడలో ఉంటే ఇంకా మంచిది.

ఫ్రెట్లు అరిగి లెవెల్ చేయించాల్సి వస్తే మాత్రం మల్టీస్కేల్ ఇంతకుముందు చేశారా అని లూథియర్‌ను (గిటార్లు చేసి బాగుచేసేవాళ్లను) అడిగి ఇవ్వండి.

చేతులకు అలవాటు

నట్ దగ్గర మొదలుపెట్టకండి. ఐదు నుంచి తొమ్మిదో ఫ్రెట్ మధ్య ఏదైనా మేజర్ స్కేల్ (స్వరాల వరుస) తీసుకుని వాయించండి. న్యూట్రల్ ఫ్రెట్ ఏడు అయితే అక్కడ వాలు దాదాపు ఉండదు, చేతికి తేడాయే తెలియదు. ఫ్రెట్ల వంక చూడకండి. కన్ను వాలును చూసి చేతికి లేనిపోని సందేహం పుట్టిస్తుంది. నెక్ అంచున ఉండే సైడ్ డాట్లు చూడండి, అంతే. తర్వాత రోజూ ఒక్కో ఫ్రెట్ కిందికి జరగండి.

కష్టం ఎక్కడ వస్తుందో ముందే చెప్తాను. ఇ తీగ మొదటి ఫ్రెట్ మీద ఎఫ్, డి తీగ మూడో ఫ్రెట్ మీద దాని ఆక్టేవ్ (పై స్థాయిలో అదే స్వరం). 34 అంగుళాల బాస్‌లో ఆ రెండు ఫ్రెట్ల మధ్య నెక్ పొడవునా దూరం 89 మిల్లీమీటర్లు. 37-34లో 101. ఆ పన్నెండు మిల్లీమీటర్లు చిటికెన వేలికి స్పష్టంగా తెలుస్తాయి. దీన్ని సాగదీసి సాధించాలని పంతం పట్టి మణికట్టు నొప్పి తెచ్చుకోవద్దు. అదే ఎఫ్ బి తీగ ఆరో ఫ్రెట్ మీద ఉంది, దాని ఆక్టేవ్ ఎ తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద. అక్కడ దూరం 71 మిల్లీమీటర్లే. మామూలు ఐదు తీగల బాస్‌లో ఆరో ఫ్రెట్ దగ్గర బి తీగ మొద్దుగా పలుకుతుందని అక్కడికి వెళ్లడానికి జంకుతాం. ఇక్కడ ఆ జంకు అక్కర్లేదు. మల్టీస్కేల్ ఇచ్చే అసలు లాభం ఇదే అంటాను. ఓపెన్ బి ఎంత బాగుందన్నది కాదు, నెక్ మధ్యలో కూర్చుని పాటంతా నడపగలగడం. కొత్త బాస్ వచ్చాక మీ పాత లైన్లను మధ్యలోకి మార్చి రాసుకోండి. వేలి అమరిక మారితే లైన్ కూడా కొత్తగా వినిపిస్తుంది.

మొదటి పొజిషన్ తప్పనిసరైతే హెడ్‌స్టాక్‌ను పైకెత్తి పట్టండి. స్ట్రాప్ కాస్త పొట్టి చేస్తే నెక్ దానంతటదే లేస్తుంది. చెయ్యి దూరంగా చాచినప్పుడు వేళ్లు సహజంగానే ఏటవాలుగా పడతాయి, నట్ వైపు ఫ్రెట్ల వాలు ఆ దిక్కుకే ఉంటుంది. వేలికో ఫ్రెట్ పద్ధతి పట్టుకుని వేలాడకుండా, డబుల్ బాస్ వాళ్లలా చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో మూడు ఫ్రెట్లు మాత్రమే కప్పుతూ చేతిని జరపండి.

పై ఫ్రెట్లలో కథ తిరగబడుతుంది. 37-34లో ఏడో ఫ్రెట్ న్యూట్రల్ అయితే, 12వ ఫ్రెట్ దగ్గర బి వైపు చివర జి వైపు కన్నా 13 మిల్లీమీటర్లు బ్రిడ్జ్ దిక్కుకు ఉంటుంది, 24వ ఫ్రెట్ దగ్గర 32. ఇ తీగ 12 మీద మూలస్వరం, జి తీగ 13 మీద మేజర్ టెన్త్ (దానికి పైన పదో స్వరం) పట్టండి: మామూలుగా 24 మిల్లీమీటర్లు ఉండే దూరం ఇక్కడ 15కు దగ్గరపడుతుంది. అదే మైనర్ టెన్త్ అయితే, అంటే రెండూ 12 మీదే అయితే, ఇ మీది వేలు జి మీది వేలిని దాటి బ్రిడ్జ్ వైపు పోవాలి. మణికట్టుకు అది వింతగా ఉంటుంది. మోచేతిని ఒంటికి కాస్త దగ్గర చేసి, వేళ్లు మార్చి చూడండి. చూపుడు వేలు జి మీద, మధ్య వేలు ఇ మీద పెడితే చాలామందికి కుదురుతుంది.

కుడిచేతి సంగతి ఎవరూ ఎత్తరు. బ్రిడ్జ్ వాలుగా ఉంటుంది కాబట్టి, మీరు పాత అలవాటుతో తీగలకు సరిగ్గా అడ్డంగా ఒకే గీత మీద మీటితే బి తీగను బ్రిడ్జ్‌కు దూరంగా, జి తీగను దగ్గరగా మీటినట్టవుతుంది. బి మెత్తగా, జి గరుకుగా వస్తుంది. బొటనవేలిని వాలు పికప్ (తీగ కంపనాన్ని పట్టుకునే పరికరం) అంచున ఆన్చి, ఆ వాలు వెంటే చేతిని నడిపితే ఐదు తీగలూ సమంగా పలుకుతాయి. కొన్ని బాస్‌లలో ఫ్రెట్లు వాలుగా ఉన్నా పికప్‌లు వాలు లేకుండానే ఉంటాయి. వాటిలో ఈ ఆనిక మీరే ఊహించుకోవాలి. స్లాప్ చేసేవాళ్లు (తీగను బొటనవేలితో కొట్టి వాయించేవాళ్లు) కూడా చూసుకోవాలి: చివరి ఫ్రెట్ దగ్గర బొటనవేలు కొట్టే చోటు తీగతీగకూ మారుతుంది. బి, ఇ తీగలకు చేతిని రెండు మూడు సెంటీమీటర్లు బ్రిడ్జ్ వైపు జరిపి కొట్టండి.

పాత 34 అంగుళాల బాస్‌ను కూడా వాడుతూ ఉంటే, ప్రోగ్రాం మధ్యలో ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మొదటి పాటగా నెక్ మధ్యలో నడిచేదాన్ని పెట్టుకోండి. మొదటి ఫ్రెట్ ఎఫ్‌తో మొదలయ్యే పాట ఆ వెంటనే వద్దు.